తుపానుకు తట్టుకొనే కొట్టు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారం నిలదొక్కుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగారు. బడిపంతులుకు వ్యాపారంతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. త్రాసు పట్టినవాళ్లం కాదు, నిజమే. కాని మీ పిల్లలకు నోటు పుస్తకాలు ఏ నెలలో వస్తాయో, ఏ నెలలో రావో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాం. ఏ ఇంటి వ్యాపారం దేనిమీద నిలబడి వున్నదో ఆ పుస్తకాలే మాకు చెబుతాయి.

ఇప్పుడు పట్నాల్లో వ్యాపారం చదివే పిల్లలకు సిస్టమ్స్ థింకింగ్ అని, డిజైన్ అని పాఠాలు చెబుతున్నారు. పేర్లు పెద్దవి గాని సంగతి చిన్నదే. ఒక వస్తువును విడిగా చూడకుండా, దానికి ఏమేం ముడిపడి వున్నాయో చూడటం మొదటిది. ఎవరికోసం చేస్తున్నామో వాళ్ల అవసరం చూసి పనిని అమర్చుకోవడం రెండోది. వీటికి ఉదాహరణకోసం దూరం పోనక్కరలేదు. మన కాలువ గట్టుమీద నిలబడితే చాలు.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన తర్వాత కాలువలు వచ్చాయి, కోనసీమ పండింది. పంట కాలువను అందరం పొగుడుతాం. మురుగు కాలువను ఎవరూ తలచుకోరు. నీరు రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి వుంటేనే అది పొలం. పోయే దారి పూడిపోతే వచ్చిన నీరే శత్రువవుతుంది. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టిన సంగతి మీరంతా ఎరుగుదురు. మురుగు కాలువలు బాగుచేయక చేలు మునుగుతున్నాయన్నారు, కూలి పెరిగిందన్నారు, ధాన్యానికి గిట్టుబాటు ధర లేదన్నారు. ఏ ఒక్క కారణమూ విడిగా అంతపని చేయలేదు. అన్నీ ముడిపడి చేశాయి. రైతు చేలో దిగకపోతే బట్టల కొట్టువాడి పుస్తకంలో అప్పు తీరదు గదా!

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను సంగతి పెద్దలకు చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి. మన దేశవాళీ పొడుగు రకం నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఇక్కడ ఒక్క మాట గమనించాలి. పడింది రైతు చెట్టు. పస్తు వున్నవాళ్లు మాత్రం చాలామంది. దింపు కూలీకి చెట్టు లేదు, వలుపు కూలీకి కాయ లేదు, లారీకి సరుకు లేదు, లారీ దగ్గర టీ అమ్మేవాడికి గిరాకీ లేదు, వాళ్లందరికీ పండుగ బట్టలు కుట్టే దర్జీకి గుడ్డ లేదు. వీళ్లలో ప్రతివాడూ తనది వేరే వ్యాపారమనే అనుకొన్నాడు. లెక్క తీస్తే అందరిదీ కొబ్బరి వ్యాపారమే.

మరి కొబ్బరి మీద ఆధారపడని ఇళ్లు లేవా అంటే, వున్నాయి. కువైట్‌లో ఒక మనిషి వుంటే చాలునని ధైర్యంగా వున్నవాళ్లు. 1990 ఆగస్టు 2న కువైట్ మీద దండయాత్ర జరిగింది. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. ప్రాణాలతో వచ్చారు, అల్హమ్దులిల్లాహ్. మనిషి ఇంటికి చేరాడు గాని మనియార్డరు ఆగిపోయింది. ఆధారం మారింది తప్ప ఒక్క గుంజమీద ఇల్లు నిలబెట్టే పద్ధతి మారలేదు.

అయితే మన అంబాజీపేట మార్కెట్టు ఈ పాఠం మనకంటే ముందే నేర్చుకొన్నదని మా అభిప్రాయం. కురిడీ చూడండి. ధర పడిపోతే నీటికాయను ఆ ధరకే తెగనమ్మనక్కరలేదు. కాయలను అటకమీద పోసి నెలలకు నెలలు వుంచుతారు. లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పనుంచి విడివడి, ఊపితే గుండులాగా ఆడుతుంది. అప్పుడు గండేరా, గటగట అని వేరు చేసి వెయ్యికాయల లెక్కన అమ్ముతారు. నీటికాయకు ఒక బేరం, కురిడీకి ఇంకో బేరం. ఆ అటక ఎవరో కట్టిన చక్కని డిజైను, కట్టినవాడి పేరు మాత్రం మనకు తెలియదు! దానివల్ల ఏం జరుగుతున్నది? ధర పడిన రోజుకూ, అమ్మక తప్పని రోజుకూ మధ్య కొన్ని నెలల ఎడం దొరుకుతున్నది. వ్యాపారం నిలబడేది ఆ ఎడంలోనే. కాని అటకమీద కాయ వుండాలంటే ఈలోగా ఇంట్లో గింజ వుండాలి. చేతిలో పైసా లేనివాడికి అటక వున్నా లేనట్టే. పెద్ద వర్తకుడు నిలబడి చిన్నవాడు పడిపోవడంలో రహస్యం ఇంతే. తెలివి తేడా ఏమీ లేదు.

డొక్క సంగతీ చూడండి. ఒకప్పుడు పొయ్యిలోకి పోయేది, లేకపోతే గట్టున కుళ్లేది. ఇప్పుడు పీచుకు బేరం వున్నది, పీచు తీయగా రాలిన పొట్టుకూ నర్సరీల్లో బేరం వున్నది. అదే కాయ, ఇంకో ఇద్దరు కొనేవాళ్లు. కాయ ధర పడినప్పుడు డొక్క కూడా అదే రోజున పడాలని లేదు.

బయటి దేశంలో సంగతి ఒకటి చెబుతాం. జపానులో టొయోటా కార్ల కంపెనీ సరుకు నిలవ పెట్టదు. ఏ గంటకు కావలసింది ఆ గంటకు తెప్పించుకొంటుంది. దాన్ని లోకమంతా మెచ్చుకొన్నది. 1997 ఫిబ్రవరి 1న, బ్రేకులకు కావలసిన చిన్న వాల్వు తయారుచేసే ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. ఆ వాల్వు దాదాపు అంతా అక్కడినుంచే వచ్చేది. చిటికెడు వస్తువు లేక జపానులో టొయోటా కార్ల తయారీ ఆగిపోయింది. అయినా వారం పది రోజుల్లో మళ్లీ నడిచింది. ఎట్లా? అంతకుముందెన్నడూ ఆ వాల్వు చేయని ఇతర కంపెనీలు ఎన్నో పటాలు పంచుకొని, పనిలో దిగి తయారుచేసి ఇచ్చాయి. ఒక్కరి మీద ఆధారపడటం వాళ్ల బలహీనత. ఇరుగుపొరుగుతో చెలిమి వాళ్ల బలం. రెండూ ఒకే వ్యాపారంలో వున్నాయి. మన వీధిలో రెండు సైకిలు షాపులవాళ్లు పలకరించుకోరని మనకు తెలుసు. పేర్లు చెప్పం.

1950లో అమెరికానుంచి జపాను వెళ్లి అక్కడి ఫ్యాక్టరీలవాళ్లకు పాఠాలు చెప్పిన డెమింగ్ గారు, లోపాల్లో ఎక్కువభాగం పనివాడివి కావు, పని అమరికవి అనేవారు. మాకు ఇది సులభంగానే అర్థమైంది. తరగతిలో ఒక పిల్లవాడు తప్పితే వాడిని అడగాలి. సగం తరగతి తప్పితే పంతులును అడగాలి. అట్లాగే ఒక అన్న కొట్టు మూతపడితే అతన్ని తప్పు పట్టవచ్చు. వీధిలో సగం కొట్లు ఒకే ఏడాది మూతపడితే "వీళ్లకు బరకత్ లేదు" అని ఊరుకోవడం మాత్రం సోమరితనం.

ఇళ్లల్లో మిషను కుట్టే అక్కచెల్లెళ్లు ఇక్కడ చాలామంది వున్నారు. రంజాను ముందు రాత్రంతా కుడతారు, పండుగ వెళ్లగానే మిషను మీద గుడ్డ కప్పుతారు. పండుగ మనది చాంద్రమానం, ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. బడులు తెరిచేది మాత్రం ఎప్పుడూ జూనులోనే. యూనిఫారాల పని మే నెలలో పట్టుకొంటే, రంజాను ఏ నెలలో వచ్చినా రెండు గిరాకీలుంటాయి. పొరుగిళ్ల రవికెలు ఏడాది పొడుగునా వుంటాయి. ఆ రవికెల పని చిన్నదని వదిలేసేవాళ్లను చూస్తే మాకు బాధగా వుంటుంది. నెలనెలా బియ్యం తెచ్చేది అదే.

ఇక అసలు మాట. మన సంఘం వడ్డీలేని అప్పులు ఇస్తున్నది. జామీను అడుగుతున్నాం, నడవడి అడుగుతున్నాం. మంచిదే. కాని ఇచ్చిన అప్పులన్నీ ఏ గుంజమీద నిలబడి వున్నాయని అడగటం లేదు. కాయల వర్తకుడికి, కాయలు తోలే ఆటోకు, ఆ కూలీలకు అమ్మే కిరాణాకు అప్పులిస్తే పుస్తకంలో ముగ్గురు. గాలివానకు మాత్రం ఒక్కడే. ఆ నెల ముగ్గురూ కట్టలేరు. ముగ్గురికీ ఆ నెలే మళ్లీ సాయం కావాలి, అప్పుడు పెట్టె ఖాళీగా వుంటుంది. అంటే మన నిధి కూడా అదే చెట్టు కిందనే వున్నది.

అందువల్ల నిధిలో నాలుగో వంతు ఎవరికీ ఇవ్వకుండా, తుపానో వరదో వచ్చిన ఏటికోసం పక్కన పెట్టాలని మేము ప్రతిపాదిస్తున్నాం. వాకిట్లో అవసరంలో వున్నవాడు నిలబడి వుండగా పెట్టెకు తాళం వేయడం న్యాయమా అని పెద్దలు కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు విలువ వున్నది. ఇవాళ ఒకరిద్దరిని వెనక్కు పంపవలసి వస్తుంది, దానికి మాకూ మనసొప్పదు. అయినా యూసుఫ్ ప్రవక్తవారి గాథలో ఏడు మంచి ఏళ్ల ధాన్యం దాచినప్పుడు ఆ ఏళ్లల్లో పేదవాళ్లు లేరని కాదు గదా. వరద ఏటా ఇంతే వస్తుందని గోదావరి మనకు మాట ఇవ్వలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ విషయం సర్వసభ్య సమావేశం తేల్చాలి, మా ఒక్కరి మాట కాదు.

అప్పు దరఖాస్తుకు ఒక కాగితం జతచేశాం. దానిమీద రాత తక్కువ, బొమ్మ ఎక్కువ. నడుమ మీ కొట్టు. ఎడమవైపు సరుకు ఇచ్చేవాళ్లు, కుడివైపు కొనేవాళ్లు, కింద బాకీలు. ఒక్క గీత చెరిపేస్తే ఎన్నిరోజులు ఇల్లు గడుస్తుందో పక్కన వేయాలి. ఆ అంకె చూసి అప్పు ఇవ్వం అనరు. ఆ అంకె పెరగడానికి ఎంత అప్పు కావాలో, ఎప్పుడు తిరిగి కట్టే వీలుంటుందో మీతో కూర్చొని మాట్లాడతారు. దింపు డబ్బు వచ్చే నెలలో వాయిదా వేయాలి గాని, నెలనెలా ఒకటో తారీకు అని పట్టుబడితే అది ఉద్యోగస్థుల లెక్క అవుతుంది.

కాగితం ఉర్దూలోనూ తెలుగులోనూ వున్నది. ద్వారం దగ్గర బల్లమీద పెట్టాం. రాయడం ఇబ్బందిగా వున్నవాళ్లు సాయంత్రం బడి విడిచిన తర్వాత రండి, పదో తరగతి పిల్లలు రాసిపెడతారు. అక్కచెల్లెళ్లకు మా ఇంటివారు రాసిపెడతారు. వచ్చేటప్పుడు పాత ఖాతా పుస్తకం కూడా తెచ్చుకోండి.