కోతుల ఆత్మరక్షణము: దానివలన రైతు నేర్వదగినది
(ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామముల రైతులకు జేసిన ఉపన్యాసము)



మీ మొక్కజొన్న, వేరుసెనగ చేలను కోతులు పాడుచేయుచున్నవని మీరు తఱచుగా మొఱపెట్టుకొనుచున్నారు. కోతిని తోలవలెనన్న ముందుగా దాని భయమేదియో తెలిసికొనవలెను. కావున అడవిలో కోతి తన్ను దానెట్లు కాపాడుకొనునో మనవి చేసెదను.

కిన్నెరసాని మొదలు గోదావరి వఱకు గల మన అడవులలో కోతులును, నల్లని మొగముగల కొండముచ్చులును గలవు. చిరుతపులి, రేచుకుక్క, కొండచిలువ మొదలగునవి వీనికి శత్రువులు. మగకోతికి వాడికోరలున్నను పోరాటము దాని కడపటి యుపాయము. మందలో ఏ యొక్కటి శత్రువును జూచినను కేకవేయును. తక్కినవి తత్‌క్షణమే కొమ్మల కెక్కును. చిరుతయు చెట్టెక్కగలదు. అందుచేత రాత్రివేళ కోతులు దాని బరువు నాపలేని సన్నని కొనకొమ్మలపై నిద్రించును.

కొండముచ్చు చెట్టుమీదనుండి దూరము చూచును. క్రింద మేయు దుప్పి వాసన పసిగట్టును. ఒకదాని కేక రెండవదానికి హెచ్చరిక. సాయంకాలము కొండముచ్చు దగ్గువంటి కరకుకేక విడువక వేయుచు, దుప్పులును అఱచినచో, చిరుత దాపుననే యున్నదని తలంచి పశువులను దొడ్డికి తోలుకొనుడు; పిల్లలను ఒంటరిగా బంపకుడు.

ఇక చేని సంగతి. చెట్టు విడిచి బయలున నిలుచుటకు కోతి వెఱచును. అందుకే గింజలను దవడసంచులలో క్రుక్కుకొని, చెట్టుమీదికి బోయి తీరికగా నమలును. చెట్టునకును పైరునకును ఎడము హెచ్చినకొలది దాని భయమును హెచ్చును. కావున ఈ క్రింది పనులు చేయుడు.

1. మొక్కజొన్న, వేరుసెనగలను ఊరివైపునను, కోతులు అంతగా ముట్టని ఆముదము, పసుపులను అడవివైపునను వేయుడు.

2. మీ గట్లపై బలిసిన పొదలను కొట్టివేయుడు. సర్కారు అడవిచెట్లను మాత్రము ముట్టరాదు.

3. కావలివాడు చేని నడుమ కూర్చుండక, కోతులు దిగు అంచున తిరుగుచుండవలెను.

4. కదలని దిష్టిబొమ్మవలన, ఒకేతీరు మోతవలన అపాయము లేదని కోతి త్వరలోనే గ్రహించును, వానిని మార్చుచుండుడు.

5. బాటప్రక్కల కోతులకు తిండి పెట్టకుడు. మనుష్యుని భయము పోయిన కోతియే చేనికి మొదట దిగును.

6. కొండముచ్చును పట్టి కావలికి గట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.

ఒక్క రైతు కాచి ప్రక్కవాడు ఏమరినచో మంద గట్టుదాటి వచ్చును. కావున అడవి అంచున భూములుగల వారందఱును కలిసి, వంతులు వేసికొని కావలి నిలుపుడని మనవి.