పిట్ట ఎందుకు ముట్టలే?

(మధ్య మానేరు ముంపు గ్రామాల కాలనీలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం మీటింగుల సినిమా ముచ్చటేందని ఎనుక వరసల గొణుగుడు మాకు ఇనబడ్డది. మేము సినిమా పండితులం కాదు, బడిపంతుళ్లం. కానీ ఒక్క సినిమా మీద మనోళ్లు మనోళ్లే రెండు ఊర్లల్ల మాటమాట అనుకొని, ఒక తాన కుర్చీలు గూడ లేపిన తర్వాత ఊరుకుంటే ఎట్ల?

'బలగం' 2023 మార్చి 3న వచ్చింది. తీసినాయన వేణు యెల్దండి. కథ మీకు తెలుసు. కొమురయ్య అనే ముసలాయన సచ్చిపోతడు. మూడో రోజు పిట్టకు పెడితే పిట్ట ముట్టది. ఐదో రోజు గూడ ముట్టది. కొడుకులకు, అల్లునికి నడుమ ఇరవై ఏండ్ల కింద నల్లిబొక్క కాడ మొదలైన పంచాయితీ ఉన్నది. అందరు ఏడ్చి, కలిసినంక పదకొండో రోజు కాకి వచ్చి ముడుతది. ఊరూర తెరలు కట్టి చూసిండ్రు. ఈ కాలనీలో గూడ చూసిండ్రు.

ఇగ పంచాయితీ అక్కడ షురువైంది. ఆడోళ్లు కొంగులు తడిసేటట్టు ఏడ్చిండ్రు. చదువుకున్న పోరగాండ్లు లేచి, "కాకి అన్నం తింటేనే తాతకు శాంతి దొరుకుతదా? ఇది బ్రాహ్మణీయ భావజాలం కాదా? ఇసొంటిది మన సంఘం పైసలతోని తెర కట్టి చూపెడుతరా?" అని నిలదీసిండ్రు. చర్చికి పోయేటోళ్లు, "మేం పిట్టకు పెట్టం, ఈ లొల్లి మాది కాదు" అన్నరు. అన్నరుగానీ సినిమా అయిపోయేదాక ఒక్కరు లేవలే. ఇంకొక తమ్ముడు, "ఇంత పెద్ద బలగంల మన వాడ ఏది?" అని అడిగిండు. దానికి ఎవలు జవాబు చెప్పలే.

పోరగాండ్ల మాటను మేము తీసిపారెయ్యం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల బాబాసాహెబ్ లక్షలమందితోని చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలల్ల ఆరోది ఇదే. శ్రాద్ధం పెట్టను, పిండం పెట్టను అని. ఎందుకన్నడు? సచ్చినోని పేరు మీద బతికున్నోన్ని అప్పులపాలు చేసే కర్మకాండ అది. బతికినన్ని రోజులు మనల్ని గుడి మెట్టు ఎక్కనియ్యని ధర్మం, సచ్చినంక మనకు మోక్షం ఇస్తదా?

మేము ఆ మాట పట్టుకొనే మా నాయన సచ్చిపోయినప్పుడు పిట్టకు పెట్టమని భీష్మించుకున్నం. మా ఇంట్ల మొదటి డిగ్రీ మాదే, మొదటి మొండితనం గూడ మాదే. మా అవ్వ మూడొద్దులు అన్నం ముట్టలే. "నీ చదువు నీ దగ్గర పెట్టుకో, ఆయన జీవితకాలం మొత్తం కడుపునిండ తిన్నది లేదు, సచ్చినంకనన్న ఇంత పెట్టనియ్యవా?" అన్నది. అయ్యగారు లేడు, మంత్రం లేదు, పిండం లేదు. ఇస్తారి మీద బువ్వ, ఆయన ఇష్టపడే కూర, ఇన్ని నీళ్లు. అది ధర్మశాస్త్రం కాదు, ఆకలి లెక్క. అవ్వనే పెట్టింది. మేము దూరంగ నిలబడ్డం. కాకి వచ్చిందా అని మాత్రం ఓరకంటితోని చూసినం. ఈ సంగతి ఇన్నేండ్లల్ల ఎన్నడు వేదిక మీద చెప్పలే, ఇయ్యాల చెప్తున్నం.

అందుకే అవ్వలను ఎక్కిరించకుండ్రి తమ్ముండ్లారా. ఇక్కడి ముసలవ్వ ఒకామె సినిమా చూసినంక అన్న మాట ఇనుండ్రి: "మా పిట్ట అలిగి రాకపోలే బిడ్డా, దానికి తొవ్వ తెలుస్తలేదు." ఆమె పాత ఊర్ల బొందలగడ్డ మీద ఒక చింతచెట్టు ఉండెనట. పిట్ట దాని మీదనే వాలేదట. ఇప్పుడా చెట్టు నీళ్ల కింద ఉన్నది. ఆమె పెనిమిటి బొంద గూడ ఆ నీళ్లల్లనే ఉన్నది.

మధ్య మానేరు కడుతమన్నప్పుడు లెక్కలు రాసిండ్రు. ఎకరాలు, గుంటలు, ఇండ్లు, బాయిలు, చెట్లు. పట్టా ఉన్నోనికి పట్టా లెక్క. మరి పట్టా లేనోని లెక్క ఏ కాయితంల ఉన్నది? నీలోజిపల్లి, అనుపురం, కొదురుపాక, వరదవెల్లి, ఇసొంటి ఊర్లన్నిటికి మునుగుడు ఒక్కతీరుగ కనబడుతది గానీ ఒక్కతీరు కాదు. దొర భూమి మునిగితే పట్నంల ఇల్లు లేస్తది. కూలోని ఊరు మునిగితే వాని కూలి, వాగు ఒడ్డు మేకల మేత, ఆఖరికి ముత్తాత బొంద మునుగుతది. వరదవెల్లి కాడ దత్తాత్రేయుని గుడి నీళ్ల నడుమ దీవి లెక్క మిగిలింది. దేవుని తానికి పడవల మీద పోతున్నరు, పోనీ, మాకు కోపం లేదు. మన బొందలగడ్డకు పడవ ఎవలు కడుతరు?

సినిమాల పిట్ట రాకపోవుటానికి ఇంటి పంచాయితీ కారణం. భూమి మీద పిట్టలు ఎందుకు రాకుంట పోతయో మన మాదిగ పెద్దలు ముందే చూసిండ్రు. సచ్చిన గొడ్డును ఊరి బయట ఒలిచేటప్పుడు మీద మబ్బు లెక్క తిరిగే రాబందులు ఒకనాడు ఉండె. తొంభైలల్ల అవి మాయమైనయి. కొందరు పాపం పెరిగిందన్నరు, కొందరు కలికాలం అన్నరు. కారణం డైక్లోఫెనాక్. పశువుల నొప్పులకు ఇచ్చే మందు. ఆ మందు తిన్న గొడ్డు సస్తే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి సచ్చేది. 2004ల ఆ సంగతి బయటపడ్డది, 2006ల మనదేశంల పశువులకు ఆ మందు ఆపిండ్రు. అప్పటికి తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిది పోయినయి. 2013ల ఆదిలాబాద్ దిక్కు బెజ్జూరు అడవిల, పాలరాపు గుట్ట మీద కొన్ని పొడుగుముక్కు రాబందులు కనబడితే అడవి శాఖోళ్లు పండుగ చేసుకున్నరు. పాపమని ఊకుంటే మందు సంగతి తెలుస్తుండెనా? అట్లని, పిట్ట రాలేదని మొదట కనిపెట్టినోళ్లు సదువుకున్నోళ్లా? కాదు, గొడ్డు ఒలిచినోళ్లు.

కనుక మా మాట ఇది. పిట్ట రాలేదని అవ్వ చెప్తే "మూఢనమ్మకం" అని నోరు మూయకుండ్రి, ఎందుకు రాలేదో అడుగుండ్రి. కాకి వచ్చుడు రాకుడుల మా నాయన ఆత్మ ఉన్నదని మేము ఒప్పుకోం. కానీ అవ్వ గుడ్లల్ల నీళ్లు అబద్ధం కాదు.

ఇంకొక్క మాట, "మన వాడ ఏది" అన్న తమ్మునికి. సినిమా ఆఖరుకు పాట పాడి అందరిని ఏడ్పించిన జంట యాదికున్నదా? పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు. బుడగ జంగాలు, షెడ్యూల్డు కులం. సినిమాల కొట్లాడుకున్న కొడుకులను కలిపింది వాళ్ల గొంతు. మన వాడ లేదు గానీ మన గొంతు ఉన్నది తమ్మీ. గంత గొప్ప కళాకారుడు మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతోని దవాఖానల చుట్టు తిరిగి, 2024 డిసెంబర్ల కన్నుమూసిండు. సినిమా చూసి ఏడ్చినోళ్లల్ల ఆయనకు ఏడ్చినోళ్లెందరో మీకు మీరే లెక్కేసుకోండ్రి. సావు కాడ పాడేటోని సావు ఎవలకు పట్టలే.

సరే, పొద్దు పోతున్నది. కాలనీకి బొందలగడ్డ జాగ కావాలని కలెక్టరుకు దరఖాస్తు రాసినం, ఈ బల్ల మీద ఉన్నది. పేరు, పాత ఊరు, మీ పెద్దల బొందలు ఏడ ఉండెనో రాయుండ్రి. పిట్టకు పెట్టేటోళ్లు, పెట్టనోళ్లు, చర్చికి పోయేటోళ్లు, అందరి దస్కతులు కావాలె. రాయరాని అవ్వలకు మా బడిపిల్లలు రాసిపెడుతరు, ఏలిముద్ర ఏస్తే చాలు.

జై భీమ్.