అక్షయపాత్ర - అంతర్జాలము



ధనుర్మాసమున తెల్లవారుజామున హరిదాసు వీథిలో పాడుచు వచ్చును. బియ్యము పోసిన యింటి కొక పాట, పోయని యింటి కొక పాట యని లేదు; ఊరెల్ల వినును. అయినను తలపై నున్న అక్షయపాత్ర వట్టిదిగా మరలదు. ఏ పత్రికను ఆశ్రయింపక అంతర్జాలమున స్వతంత్రముగా వ్రాయువారిని తలచినపుడెల్ల నాకు ఆ హరిదాసే జ్ఞప్తికి వచ్చును.

నేనును అట్టివాడనే. బడిపంతులు ఉద్యోగము చేసికొనుచు, మా ప్రాంతపు చెఱువుల కథలను సేకరించి అంతర్జాలమున అందఱకును ఉచితముగా నుంచితిని. ఇంటిఖర్చులు పెరుగగా నిరుడు, రుసుము చెల్లించినవారే చదువవలెనని తాళము వేసితిని. నెల తిరుగకమునుపే ఒక వృద్ధరైతు ఫోనుచేసి, "బాబూ, మా చెరువు కథ నీకు చెప్పింది నేనే గదా! మా మనుమడు చదివి వినిపిద్దామంటే డబ్బు కట్టమంటున్నదేమయ్యా?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. ఆ దినముననే తాళము తీసితిని.

మఱి రాబడి మాట యేమి? తలుపు తెఱచియుంచి సంపాదించినవారు లేకపోలేదు. కెనడాలో పుట్టిన కోరీ డాక్టరో అను రచయిత 2003 లో తన మొదటి నవల అంగళ్లలో అమ్మకమునకు వచ్చినపుడే దానిని అంతర్జాలమున ఉచితముగా విడిచెను. ఎవరైనను నకలు తీసి పంచవచ్చును గాని, దానితో వ్యాపారము చేయరాదు, మార్చరాదు అని క్రియేటివ్ కామన్స్ అను అనుమతిపత్రమును జతపఱచెను. ప్రచురణకర్తలు బెదరిపోలేదు, తరువాతి నవలలను సైతము ఆయన అట్లే వెలువరించెను. నాలుగు పుటలు చదివి రుచి యెఱిగినవాడు పుస్తకమును చేత బట్టగోరును గదా!

2013 లో అమెరికాలో స్థాపింపబడిన పేట్రియాన్ సంస్థ ద్వారా అభిమానులు నెలనెలా తోచినంత పంపవచ్చును. కళ్లములో వడ్రంగికిని కమ్మరికిని కొలుచు మేర వంటి దిది. అయితే సంస్థ తన పాలు మినహాయించుకొనును. పాఠకుల చిరునామాలు తనయొద్ద నుంచుకొనని రచయిత, పరుల కళ్లములో ధాన్యము పోసికొన్నట్లే యని నా తలంపు.

నేను కథలను తెఱచియే యుంచి, వానినే చిన్న పుస్తకముగా అచ్చువేయించితిని. ఆ వృద్ధుడు రెండు ప్రతులు కొనెను. అచ్చుఖర్చు తీఱి కొంత మిగిలినది. ఉద్యోగము మానునంత మాత్రము రాలేదు. ఇపుడు పొరుగూరి చెఱువు తూమును గూర్చి వ్రాయుచున్నాను.