పొరుగువారి ఫిర్యాదు



ఇద్దరు పరిచయస్థులు వీధిలో ఎదురుపడినప్పుడు కుశలప్రశ్నలు ముగిసిన మరుక్షణం బయటపడే మాట ఒకటున్నది. "మీ వీధిలో నీళ్ళు వస్తున్నవా?" అని ఒకరు. "నీళ్ళమాట దేవుడెరుగు, రాత్రి కరెంటు ఉన్నదా?" అని రెండవవారు. అక్కడినుండి సంభాషణ తేనెతుట్టె కదిపినట్లు సాగిపోతుంది. చెత్తబండి రాలేదు, రోడ్డు సుంకం మాత్రం ఖాతానుండి దానంతట అదే కోసుకొన్నారు, ఫోను చేస్తే ఒకటి నొక్కుమంటుంది, రెండు నొక్కుమంటుంది, చివరకు సంగీతం వినిపిస్తుంది. "అంతా ప్రైవేటుపరం చేసి కూర్చున్నారండీ" అని ఒక నిట్టూర్పు. ఆ తరువాత ఇద్దరూ కొంత తేలికపడిన మనసుతో ఎవరిదారిన వారు పోతారు. లోకంలో దీనికి సణుగుడు అని పేరు. ఖర్చు లేనిది, శ్రమ లేనిది, ఫలితమూ లేనిది.

ఈ ప్రభుత్వమా, ప్రైవేటా అన్న వాదం మన తెలుగునాట నిన్నటిది కాదు. నైజాం రాష్ట్రంలో 1932లోనే రైల్వేశాఖ వారు 27 బస్సులతో ప్రజలకు రోడ్డురవాణా ఆరంభించినారు. అదే కాలంలో కోస్తాజిల్లాలలో బస్సులన్నీ సొంతదారులవే. యుద్ధకాలంలో బొగ్గుగ్యాసుతో నడిచిన ఆ బస్సులను గురించి మన పెద్దలు చెప్పగా విన్నాము. వేళకు కాదు, మనుషులు నిండితే కదిలేవట. 1958లో రోడ్డురవాణా సంస్థ ఏర్పడిన తరువాత జిల్లాల వారీగా మార్గాలను జాతీయం చేయసాగినారు. కర్నూలు జిల్లా మార్గాల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ తీర్పు వచ్చిన మీదట 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు పదవికి రాజీనామా చేసినారు. బస్సును ఎవరు నడపవలెనన్న ప్రశ్న ఒక ముఖ్యమంత్రి కుర్చీనే కదిలించిన చరిత్ర మనది.

అయితే ప్రభుత్వసేవ అన్నదంతా స్వర్ణయుగమని నేను చెప్పబోవడం లేదు. టెలిఫోనుకు దరఖాస్తు పెట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూచిన వారు మన శ్రోతలలో ఎందరో ఉంటారు. కొడుకు పుట్టినప్పుడు అడిగితే వాడు కాలేజీలో చేరేనాటికి వచ్చిందని చెప్పుకొని నవ్వుకొనేవారు. పార్లమెంటు సభ్యుని సిఫారసు ఉంటే కొంత తొందరగా వచ్చేది. 1994నాటి జాతీయ విధానం తరువాత ప్రైవేటు కంపెనీలు ప్రవేశించినవి. ఇప్పుడు కూరగాయలమ్మే అమ్మ చేతిలోనూ ఫోను ఉన్నది. ఈ మేలును మరచిపోవడం న్యాయం కాదు.

విద్యుత్తు కథ మరొక రకం. 1959లో ఏర్పడిన విద్యుచ్ఛక్తి బోర్డు నలభై ఏండ్లు నడిచింది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో ఉత్పత్తి ఒకరిది, ప్రసారం ఒకరిది అని బోర్డును విడదీసినారు. 2000లో పంపిణీని నాలుగు కంపెనీలు చేసినారు. ఆ సంవత్సరమే ఆగస్టు 28న ఛార్జీల పెంపును నిరసిస్తూ హైదరాబాదు బషీర్‌బాగులో జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణాలు పోయినవి. కరెంటు బిల్లు కాగితం వెనుక ఇంత బరువైన జ్ఞాపకం ఉన్నది.

ఇక్కడ ఒక విశేషం గమనించవలెను. ఆ పంపిణీ కంపెనీలు పేరుకు కంపెనీలే గాని నేటికీ ప్రభుత్వం సొత్తే. ఒరిస్సాలో 1999లోను, ఢిల్లీలో 2002లోను జరిగినట్లు ఇక్కడ పంపిణీని ప్రైవేటువారి చేతిలో పెట్టలేదు. మరి అందరి నోటా ఈ "ప్రైవేటుపరం" అన్నమాట ఎందుకు వినవస్తున్నది? సంస్థ సర్కారుదే అయినా, గుమ్మంలోకి వచ్చే మనిషి సర్కారు మనిషి కాకపోవడం వల్ల. మీటరు చూచేవాడు ఒక కాంట్రాక్టరు మనిషి, కాలువ పూడిక తీసేవాడు ఇంకొకరి మనిషి. పూర్వపు లైన్‌మన్ మీద మనకు కోపం వచ్చేది. కాని ఆయన ఇల్లెక్కడో మనకు తెలుసు. మన వీధిలో ఏ స్తంభం వంగినదో ఆయనకు తెలుసు. నేడు మనకు తెలిసినది ఒక నంబరు, మన ఫిర్యాదుకు వారిచ్చేది మరొక నంబరు. సేవ బాగుపడినదా, చెడినదా అన్నది ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉన్నది. అన్నిచోట్లా మాయమైనది మాత్రం ఒకటే, అడుగదగిన ముఖం.

మంచినీటిని ఏ ప్రభుత్వమూ వేలం వేయలేదు. అయినా ఇరవై లీటర్ల డబ్బా కొనని ఇల్లు మన పట్టణాలలో ఎన్ని ఉన్నవి? ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ శాసనసభా చర్చించకుండా, మన వంటింటి గుమ్మం దగ్గర మనమే ఈ మార్పు జరుపుకొన్నాము.

నీటి ప్రస్తావన వచ్చింది గనుక మా వీధి సంగతి చెబుతాను. ఇందులో నా పాత్ర అంత గౌరవప్రదమైనది కాదు.

మా వీధిలో ఇరవైరెండు ఇళ్ళు. మూడవ ఇల్లు నాది. ఎదురింట ఒక పెద్దాయన ఉన్నారు. తంతి కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. 2013 జూలై 14న దేశంలో టెలిగ్రాము సేవ ముగిసిననాడు పట్నం వెళ్ళి, వరుసలో నిలబడి, తన పేర తానే ఒక తంతి ఇచ్చుకొని వచ్చినారు. వీధివారు ఆయనకు "అర్జీగారు" అని పేరు పెట్టినారు. దీపం వెలగకపోతే అర్జీ, కాలువ పొంగితే అర్జీ. ఆ అర్జీలలో "తమరి దివ్యసముఖమునకు" వంటి అలంకారాలు ఉండవు. మాటకింత అని లెక్కగట్టిన చేయి గదా! "నాలుగవ వీధి. కుళాయి ఆరు విడతలుగా ఎండు. ఇళ్ళు ఇరవైరెండు. జవాబు కోరుతున్నాను." అంతే.

ఆయన ఫిర్యాదులు ఆఫీసులతో ఆగితే మేమందరం ఆయనను మెచ్చుకొనేవారమే. ఆయన పొరుగువారి మీదకూడా ఫిర్యాదు చేసేవారు. ఒకరి మునగకొమ్మ తీగెల మీద వాలినదని, మరొకరు ఇసుక రోడ్డుమీద పోసినారని. ఒకనాటి ఉదయం నా గుమ్మంలోకి వచ్చి నిలబడినారు.

"చూడండి బాబూ, మీరు కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించినారు. అది తీసివేయండి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తరువాత పురపాలక సంఘానికి వ్రాస్తాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "వీధిలో పద్నాలుగు ఇళ్ళకు మోటార్లున్నవి. నా ఒక్కడి దగ్గరకే వచ్చినారేమి?" అన్నాను.

"పద్నాలుగు ఇళ్ళకూ వెళుతున్నాను. మీది ఆరవది" అన్నారాయన.

ఆనాటినుండి మా ఇంటివారు వారింటివైపు చూడడం మానినారు. నేనుకూడా ఆఫీసులో ఆయనను గురించి వేళాకోళంగా చెప్పినాను. "ఇరుగుపొరుగు మంచిదైతే ఇల్లు చిన్నదైనా ఫరవాలేదు" అని ఒక నిట్టూర్పు విడిచినాను. నీటి నిర్వహణను కాంట్రాక్టుకు ఇచ్చినప్పటినుండి పీడనం లేదని, ఆ కాంట్రాక్టరు దొంగ అని, ఆ పూటే మరొకరితో సణిగినాను. ఈ రెండు మాటలకూ సంబంధం ఉన్నదని నాకు తోచలేదు.

మా వీధి చివరి ఇంట్లో బట్టలు కుట్టి జీవించే ఒక అమ్మాయి, పదేళ్ళ కుమారుడు ఉంటారు. ఆ యేడు వానాకాలంలో ఆ పిల్లవానికి కామెర్లు సోకినవి. చూడబోయినప్పుడు నేను మాటవరుసకు, "నీళ్ళు కాచి తాగండమ్మా" అన్నాను. ఆమె, "రావాలి గదా అన్నయ్యగారూ, కాచడానికి! వచ్చిన రెండు బిందెలూ మురుగువాసన" అని మామూలుగానే అన్నది. ఆ మాటలో నిష్ఠురం లేదు. నాది దొంగకు తేలు కుట్టిన స్థితి.

గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే జరిగేది ఇది. ముందున్న ఇళ్ళవారు నీటిని లాగుకొంటారు. చివరి ఇళ్ళకు ధార చేరదు. అంతకంటె ప్రమాదం మరొకటున్నది. గొట్టంలో పీడనం పడిపోయినప్పుడు, ఎక్కడ చిన్న చిల్లి ఉంటే అక్కడ, ప్రక్కనున్న మురుగు లోపలికి చొరబడుతుంది. ఆ పిల్లవాని జబ్బుకు మా మోటార్లే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. కాదని నేను రుజువు చేయగలనా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్లు, నీళ్ళు దొంగిలించిన వారమంతా కాంట్రాక్టరును దొంగ అంటున్నాము.

మరునాడు మోటారు విప్పించి, ఆ సంగతి చెప్పడానికి ఎదురింటికి వెళ్ళినాను. ఆయన అభినందించలేదు, నిందించలేదు. "ఏడు మిగిలినవి" అన్నారు. తరువాత ఇద్దరం కలిసి తిరిగినాము. కొందరు తలుపు తీయలేదు. ఒకరు, "మీకు రేడియో ఆఫీసులో పని లేదా?" అన్నారు. రెండు నెలలు పట్టింది. చివరకు ఇద్దరు తప్ప అందరూ తీసివేసినారు. ఆ ఇద్దరి మోటార్లను పురపాలక సంఘంవారు వచ్చి విప్పినారు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఇది నీతిపాఠం అయ్యేది. కాని చివరి ఇంటికి అప్పటికీ నీళ్ళు సరిగా అందలేదు. అప్పుడు మా అర్జీగారు ఒక నోటు పుస్తకం తీసినారు. దినం విడిచి దినం ఉదయం ఐదు గంటలనుండి ఆరు గంటలదాకా నీరు వదలవలెనని నియమం. ఒక నెలలో పదిహేను విడతలు. ప్రతి విడత ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది అని ఆయన నిమిషాలతో సహా వ్రాసినారు. పదకొండు విడతలు నలభై నిమిషాలకే కట్టివేసినారు. సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయలు కట్టి ఒప్పందం నకలు తెప్పించినారు. అందులో గంట అని స్పష్టంగా ఉన్నది. ఆ రెండు కాగితాలూ జతచేసి, నాలుగు వాక్యాల అర్జీ వ్రాసి, ఇరవైరెండు ఇళ్ళవారి చేత సంతకాలు చేయించినారు.

ఇంతకుముందు మేము ఎప్పుడు అడిగినా కాంట్రాక్టరు మనిషి ఒకటే జవాబు చెప్పేవాడు: "మీరు మోటార్లు పెట్టుకొంటే నీళ్ళెట్లా అందుతాయండీ?" అది నిజం గనుక మా నోళ్ళు మూతబడేవి. ఈసారి ఆ జవాబుకు చోటు లేకపోయింది. మా తప్పు మేము దిద్దుకొన్న తరువాత వాని తప్పు ఒంటరిగా బయట నిలబడింది. మూడు వారాలకు గంట గంటగా మారింది.

శ్రోతలారా, సణుగుడుకు, ఫిర్యాదుకు భేదం నాకు అప్పుడు తెలిసివచ్చింది. సణుగుడుకు తేదీ ఉండదు, చిరునామా ఉండదు, సంతకం ఉండదు. ఫిర్యాదుకు ఈ మూడూ ఉంటవి. సణిగేవాడు తనను లెక్కలోనుండి మినహాయించుకొంటాడు. ఫిర్యాదు చేసేవాడు తన వీధినికూడా లెక్కలో చేర్చుకొనవలసి వస్తుంది. సేవ ప్రైవేటుచేతికి పోయినంత మాత్రాన అడిగే హక్కు పోలేదు. 2003నాటి విద్యుత్ చట్టంలోనే, ప్రతి పంపిణీ సంస్థా వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కారానికి ఒక వేదికను నెలకొల్పవలెనని, అక్కడ న్యాయం దొరకనివారు అంబుడ్స్‌మన్ వద్దకు పోవచ్చునని ఉన్నది. సేవకు ప్రమాణాలు నిర్ణయించి, అవి తప్పితే పరిహారం ఇప్పించే ఏర్పాటుకూడా ఆ చట్టంలోనే ఉన్నది. కరెంటు ఫిర్యాదులకు 1912 అన్న నంబరు ఉన్నది. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఇక కాంట్రాక్టరు పెట్టునా? అయితే ప్రతి ఇంటిలోనూ ఒక తంతి గుమాస్తా ఉండడు. నోటు పుస్తకం పట్టుకొని నెలరోజులు కూర్చునే తీరిక బట్టలు కుట్టే అమ్మాయికి లేదు. అడిగే బాధ్యతనంతా అడగలేని వారిమీద వేసి, "ఫిర్యాదు రాలేదు గనుక లోపం లేదు" అనడం ఏ సంస్థకూ తగదు. ఈ మాట ప్రభుత్వానికీ చెల్లుతుంది, ప్రైవేటుకూ చెల్లుతుంది.

మేమూ ప్రజాసేవలో ఉన్నవారమే. మా కార్యాలయానికీ ఉత్తరాలు వస్తవి. పాట మధ్యలో ఆపినారని, వార్తలలో ఫలానా ఊరిపేరు తప్పు పలికినారని. పూర్వం అటువంటి జాబు చూస్తే, వీరికి వేరే పని లేదు కాబోలు అనుకొనేవాడను. ఇప్పుడు అట్లా అనుకొనడం లేదు. తప్పు పలికిన పేరును గుర్తించినవారు చివరిదాకా విన్నారన్నమాట.

మా ఎదురింటి పెద్దాయనకు ఇప్పుడు ఎనభై దాటినవి. నిన్న ఉదయం మరల మా గుమ్మంలోకి వచ్చినారు. మా వేపకొమ్మ తీగెలకు తగులుతున్నదట. పదిహేను రోజులు గడువు ఇచ్చినారు. ఈ ఆదివారం కొట్టించదలచినాను.