జ్వరం తగ్గింది కదా, ఇంకా మందులెందుకు?

(రోగుల కుటుంబసభ్యుల కూటమిలో చేసిన ప్రసంగం)



లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న బిడ్డకు కొన్ని వారాల మందులతో జ్వరం తగ్గి ముఖం తేటపడుతుంది. అప్పుడు మీరడుగుతారు: "సిస్టరమ్మా, బిడ్డ బాగయింది కదా, ఇంకా సూదులెందుకు? చేనికాడ పనుంది, చార్జీలకు డబ్బుల్లేవు." మీ కష్టం నాకు తెలుసు. అయినా ఈ మాట వినండి.

మన చేలో గరిక చూడండి. పైన చెక్కేస్తే చేను శుభ్రంగా కనబడుతుంది. వేరు మిగిలితే మొదటి వానకే మళ్లీ లేస్తుంది.

1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ మందును, బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గింది. కాని కొన్ని నెలలకే తిరగబెట్టింది. తగ్గడం వేరు, నయం కావడం వేరు.

ఎందుకు తిరగబెడుతుంది? ఖాకీ బట్టలు చూసి పోలీసని గుర్తుపట్టినట్లే, కణం పైపొర మీదుండే గుర్తులను బట్టి అది ఎలాంటి కణమో తెలుస్తుంది. ఆ గుర్తులకు సి.డి.34, సి.డి.38 వంటి నంబర్లున్నాయి. 1994లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ జాన్ డిక్ బృందం, మైలాయిడ్ రకం లుకేమియా కణాలను ఈ గుర్తులనుబట్టి వేరుచేసి, రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకలకు ఎక్కించింది. 34 గుర్తు ఉండి, 38 లేని కణాలే మజ్జలో నాటుకొని జబ్బును పెంచాయి. అలాంటి కణం సుమారు 2,50,000 కణాలకు ఒక్కటే! కొందరు రోగుల్లో వేరే గుర్తులున్న కణాలూ నాటుకుంటాయని తర్వాత తేలింది.

పిల్లలకు ఎక్కువగా వచ్చేది లింఫాయిడ్ రకం. అందులోనూ కంటికి కనబడకుండా మిగిలిన కణాలే జబ్బును తిరిగి తెస్తాయి. అందుకే చికిత్స 2 నుండి 3 ఏళ్లు సాగుతుంది. సుబ్బారావుగారి మందుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఇందులో వాడుతున్నారు. మజ్జ నమూనాను పెద్ద ల్యాబుకు పంపేది ఈ గుర్తులను చూడడానికే. జబ్బు ఏ రకమో, ఎంత మిగిలిందో దానివల్ల తెలుస్తుంది.

కాబట్టి మూడు మాటలు మరువకండి. చెప్పిన తేదీకి తప్పక రండి. మందులు వాడే రోజుల్లో జ్వరమొస్తే ఊళ్లో సూది వేయించి కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. డబ్బుకు ఇబ్బందైతే మానేయకముందే మాతో చెప్పండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం గురించి విచారిద్దాం.

ప్రార్థన చేద్దాం, మందులూ వాడుదాం. వేరుతో సహా పోయేవరకు ఓపిక పడదాం. దేవుడు మీ బిడ్డలను కాపాడును గాక.