ప్రయోజనకరమైన జ్ఞానానికి దానం

సర్వస్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!



మన గుంటూరు సీమలో మిరప పండించే రైతుకు 334 రకం తెలియనిది కాదు. అది లాం పరిశోధనా కేంద్రంలో రూపొందినది. దానికై శ్రమించిన శాస్త్రవేత్తల పేర్లు మనకు తెలియకపోయినా, ఆ జ్ఞానఫలం మన కల్లాలకు చేరుతూనే ఉన్నది. మరణానంతరం కూడా పుణ్యం ఆగని కార్యాలు మూడని సహీహ్ ముస్లింలోని హదీసు బోధిస్తున్నది: నిరంతర దానం, ప్రజలకు ఉపకరించే జ్ఞానం, తనకోసం ప్రార్థించే సత్సంతానం. పరిశోధనకు ఇచ్చే ధనంలో మొదటి రెండూ కలిసి ఉన్నాయి.

ఈ దృష్టితో ఆటిజం గల పిల్లలను గురించి ఆలోచిద్దాం. బిడ్డ పిలిస్తే పలకకపోతే, మాట రాకపోతే లోకం మొదట నిందించేది తల్లిని. గత శతాబ్దంలో కొందరు వైద్యులు సైతం తల్లి ప్రేమ కొరవడటమే కారణమన్నారు. ఆ నిందను తుడిచివేసినది పరిశోధనయే. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినదనీ, అందులో వంశపారంపర్య కారణాల పాత్ర పెద్దదనీ అది తేల్చింది. టీకాల వల్ల వస్తుందన్న ప్రచారం అబద్ధమని నిరూపించింది. నిర్దోషిపై పడిన నిందను తొలగించడం ధర్మకార్యం కాదా?

ఇది పరాయి దేశాల పని మాత్రమే కాదు. ఆటిజం తీవ్రతను అంచనా వేసే 40 అంశాల భారతీయ కొలమానాన్ని రూపొందించినది సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఈ స్థితికి ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు వాడేది దానినే. అయినా, పల్లెలోని బిడ్డను తొలి ఏళ్లలోనే గుర్తించడమెలా, తెలుగు ఇంట పుట్టిన బిడ్డకు మాట నేర్పడమెలా అన్న విషయాలలో తెలుసుకోవలసినది ఇంకా ఎంతో ఉన్నది.

జకాత్ హక్కుదారులెవరో తౌబా సూరా 60వ ఆయత్ నిర్ణయించింది. కావున జకాత్‌తో నిరుపేద కుటుంబపు బిడ్డకు శిక్షణ ఇప్పిద్దాం. పరిశోధనకు సదఖా నుంచి ఇద్దాం. పంట అమ్మిన నాడు కొంత తీసిపెట్టినా చాలు. ఇచ్చే ముందు ఆ సంస్థ లెక్కలనూ, ఫలితాలనూ విచారిద్దాం. పూర్తిగా నయం చేస్తామని సొమ్ము అడిగేవారికి దూరంగా ఉందాం.

ఆ బిడ్డ మసీదులో బిగ్గరగా అరిస్తే మొహం చిట్లించకుందాం. అబస సూరా అవతరించినది ఒక అంధ సహచరుని నిమిత్తమేనని మరువకుందాం.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక! ఈ పిల్లల తల్లులకు ఊరట ప్రసాదించుగాక! ఆమీన్.