కచేరీకి మన వంతు

కచేరీ అనగానే మనం ముందు అడిగేది ఒకటే: ప్రవేశం ఉచితమేనా? ఉచితమే అనుకుందాం. కానీ మైకుకు, మృదంగ విద్వాంసుడికి ఎవరో ఒకరు ఇవ్వాలి కదండీ!

మన నెల్లూరు సంగతే చూడండి. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథా భాగవతులు. త్యాగరాజ ఉత్సవాల కోసం ఆయన భిక్షాటన చేసేవారు. ఇంటింటా భిక్ష స్వీకరించే త్యాగరాజస్వామి ఉంఛవృత్తి బాటే అది. గుప్పెడు బియ్యం వేసినవాళ్ళూ పోషకులే! నా మటుకు నాకు టికెట్టు కన్నా ఇదే మెరుగు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళిస్తారు, గుమ్మం దగ్గర ఎవరినీ ఆపరు. చెన్నై సభలకైతే చందాలూ టికెట్లూ ఉన్నాయి.

కోవూరు నుంచైనా, మైపాడు నుంచైనా ఈసారి కచేరీకి రండి. టికెట్టుంటే కొనండి. లేదంటే నిర్వాహకుల చేతిలో తోచింది పెట్టండి.